అమ్మ రక్తం నన్ను గుర్తుపట్టింది!

మంగళవారం ఉదయం పదిన్నర. గచ్చిబౌలిలో ఆఫీసు కాల్‌లో ఉన్నా. ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. మ్యూట్ నొక్కి ఓపెన్ చేశా. పేజీ నిండా అర్థంకాని అక్షరాలు, అంకెలు. అడుగున ఒక్క లైను మాత్రం స్పష్టంగా ఉంది. 'క్రాస్‌మ్యాచ్: పాజిటివ్'.

పాజిటివ్ అంటే మంచిదే కదా! ఇంకేం ఆలోచించలేదు. వెంటనే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా. 'పాజిటివ్ వచ్చింది. నా కిడ్నీ అమ్మకి మ్యాచ్ అయింది!' నాన్న వరసగా దండం బొమ్మలు పెట్టారు. విశాఖ నుంచి అక్క ఏడుస్తూ వాయిస్ మెసేజ్ పంపింది. బాబాయ్ తిరుపతి మొక్కు గుర్తుచేశాడు.

పావుగంటకి ఆసుపత్రి కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. "రిపోర్టు చూశారా అండీ? క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ అంటే కుదరదని అర్థం. సాయంత్రం అమ్మగారిని తీసుకుని మేడం దగ్గరికి వస్తారా?"

గ్రూపులో మెసేజ్ డిలీట్ చేద్దామని చూశా. అప్పటికే అందరూ చూసేశారు.

గ్రూపు కలిస్తే చాలనుకున్నా

మాది తెనాలి. అమ్మకి 54 ఏళ్లు. బీపీ ఎప్పటినుంచో ఉంది. మాత్ర గుర్తొస్తే వేసుకునేది, లేకపోతే లేదు. మూడేళ్ల కిందట కాళ్లు వాచి, అన్నం సయించక ఆసుపత్రికి వెళ్తే క్రియాటినిన్ ఎనిమిది దాటింది. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయన్నారు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. మొదట్లో ఊళ్లోనే చేయించాం. తర్వాత నా దగ్గరికి హైదరాబాద్ తీసుకొచ్చేశా.

డయాలసిస్ రోజు అమ్మ ఇంటికొచ్చి పడుకుంటే మళ్లీ రాత్రికే లేచేది. మర్నాడు కొంచెం తేరుకునేది. ఆ మర్నాడు మళ్లీ సూదులు. గ్లాసు మంచినీళ్లు తాగాలన్నా లెక్క చూసుకునే బతుకు.

కిడ్నీ నేనిస్తానన్నా. నాది ఓ పాజిటివ్. అమ్మది బి పాజిటివ్. ఓ గ్రూపు వాళ్లు ఎవరికైనా ఇవ్వొచ్చని స్కూల్లోనే చదివాం. పైగా కన్నకొడుకుని. వయసు 28. బీపీ, షుగర్ లేవు. ఇంతకంటే మంచి దాత ఎవరుంటారు? అమ్మ మాత్రం నెల రోజులు ఒప్పుకోలేదు. పెళ్లి కావాల్సినవాడివి అంటుంది. ఎలాగో ఒప్పించా. తీరా చూస్తే అమ్మ ఒప్పుకుంది గానీ అమ్మ రక్తం ఒప్పుకోలేదు.

'మూడు' అంది అమ్మ

సాయంత్రం నెఫ్రాలజిస్ట్ మేడం రిపోర్టు చూసి, నన్ను వదిలేసి అమ్మని అడిగారు. "ఎన్నిసార్లు గర్భం వచ్చిందమ్మా? నిలవనివి కూడా కలిపి చెప్పండి."

అమ్మ ఒక క్షణం ఆగింది. "మూడండీ" అంది.

నేను అమ్మ వైపు చూశా. అక్క, నేను. ఇద్దరమే కదా! అమ్మ నా వైపు చూడలేదు. "మీ అక్క తర్వాత ఒకటి. అయిదో నెలలో పోయింది" అంది, చీర కొంగు సర్దుకుంటూ. 28 ఏళ్లలో ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

మేడం నెమ్మదిగా చెప్పారు. "మీ అమ్మగారి రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయి. అవి మీవైపు గురి పెట్టి ఉన్నాయి. మిమ్మల్ని మోసినప్పుడు, అంతకుముందు మోసిన ఇద్దరినీ మోసినప్పుడు తయారై ఉంటాయి. ఆ తర్వాత ఎక్కించిన రక్తంతో ఇంకా పెరిగి ఉండొచ్చు."

కారులో వస్తుంటే అమ్మ అడిగింది. "ఒరేయ్, అంటే నా ఒళ్లు నిన్ను శత్రువనుకుందా?"

ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక చదవడం మొదలుపెట్టా. ఆ తర్వాత నెలల తరబడి మేడంని ప్రశ్నలతో విసిగించా. నాకు అర్థమైంది మీకూ చెబుతా. ఎందుకంటే ఈ విషయం ముందే తెలిసి ఉంటే మేం కొన్ని తప్పులు చేసేవాళ్లం కాదు.

ప్రతి కణానికీ ఒక నేమ్ ప్లేట్

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం పైనా కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. వాటిని హెచ్‌ఎల్‌ఏ అంటారు. ఇంటి గుమ్మానికి పెట్టిన నేమ్ ప్లేట్ అనుకోండి. రోగనిరోధక కణాలు ఊరంతా తిరిగే కాపలావాళ్లలాంటివి. ప్లేటు చూసి మనవాడా, బయటివాడా అని తేల్చుకుంటాయి.

ఈ ప్లేట్లు రాసే జన్యువులు ఆరో క్రోమోజోమ్ మీద ఉంటాయి. అమ్మ నుంచి ఒక సెట్టు, నాన్న నుంచి ఒక సెట్టు. అందుకే తల్లికీ బిడ్డకీ సగం ప్లేట్లు కచ్చితంగా కలుస్తాయి. నా రిపోర్టులోనూ అదే ఉంది, సగం మ్యాచ్. నేను చూసుకున్నది ఆ సగమే. అసలు కథంతా మిగతా సగంలో ఉంది. అది నాన్నది.

కడుపులో ఉన్నప్పుడు నా కణాలు కొన్ని అమ్మ రక్తంలోకి వెళ్తాయి. ముఖ్యంగా కాన్పు సమయంలో. వాటి మీద నాన్న ఇచ్చిన ప్లేట్లుంటాయి. అమ్మ కాపలా కణాలకి అవి కొత్త ముఖాలు. వెంటనే వాటికి సరిపోయే యాంటీబాడీలు తయారుచేస్తాయి. గర్భంలో బిడ్డకి వీటివల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. అడ్డుకోడానికి మాయ ఉంది. కానీ గుర్తు మాత్రం ఉండిపోతుంది. యాంటీబాడీలు తగ్గిపోయినా, వాటిని మళ్లీ తయారుచేయగల జ్ఞాపక కణాలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్ అలాగే ఉంది. డిలీట్ బటన్ లేదు.

తల్లులందరికీ ఇలా జరగదు. కొందరికి అసలు రావు, కొందరికి వచ్చి తగ్గిపోతాయి, కొందరికి గట్టిగా నిలబడిపోతాయి. అమ్మ ఆ మూడో రకం.

ఇలాంటి యాంటీబాడీలు రావడానికి ముఖ్యమైన దారులు మూడు. గర్భం, రక్తం ఎక్కించుకోవడం, అంతకుముందు చేయించుకున్న అవయవ మార్పిడి. అమ్మకి ఇందులో రెండు ఉన్నాయి.

1969లో తేలిన లెక్క

రక్తసంబంధం ఉంటే చాలనుకున్నది నేనొక్కడినే కాదు. కిడ్నీ మార్పిడి మొదలైన కొత్తలో డాక్టర్లకీ ఇది పెద్ద చిక్కుముడే. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసింది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకేలా ఉండే కవల అన్నదమ్ములు. ప్లేట్లన్నీ ఒకటే కాబట్టి గొడవ రాలేదు. కవలలు కానివాళ్ల సంగతి వచ్చేసరికి కొన్ని కిడ్నీలు ఆపరేషన్ బల్ల మీదే నల్లబడిపోయేవి. రక్తనాళాలు కలిపిన కొన్ని నిమిషాలకి గులాబీ రంగులో కళకళలాడిన కిడ్నీ నీలంగా మారిపోయేది. మళ్లీ కోసి తీసేయడం తప్ప దారి లేదు.

1958లో నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ రూడ్, అమెరికాలో రోజ్ పేన్ విడివిడిగా ఒక సంగతి గమనించారు. గర్భం దాల్చిన స్త్రీల రక్తంలో, పరాయి తెల్ల రక్తకణాలకి అతుక్కునే యాంటీబాడీలు ఉన్నాయని. అదే ఏడాది పారిస్‌లో జాన్ డాసే ఈ ప్లేట్లలో మొదటిదాన్ని గుర్తించారు. ఆయనకి 1980లో నోబెల్ వచ్చింది. ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ల్యాబ్‌లలో ఎవరి ప్లేటు ఏదో తేల్చడానికి వాడింది పిల్లల్ని కన్న తల్లుల సీరమే. మా అమ్మలాంటివాళ్ల రక్తంతోనే ఈ శాస్త్రం ముందుకి నడిచింది.

తర్వాత లాస్ ఏంజెలెస్‌లో పాల్ టెరసాకి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివాళ్లని కుటుంబంతో సహా అరిజోనా శిబిరంలో ఉంచితే, అక్కడ పెరిగిన పిల్లాడు. పెద్దయ్యాక సూక్ష్మమైన చుక్కలతో చేసే రక్తపరీక్ష కనిపెట్టారు. దాత తెల్ల రక్తకణాలని, పుచ్చుకునేవాళ్ల సీరంతో కలిపి చూడడం. కణాలు చచ్చిపోతే పాజిటివ్. అంటే ఆయుధం సిద్ధంగా ఉన్నట్టు. ఇదే క్రాస్‌మ్యాచ్.

1969లో పటేల్ అనే సహచరుడితో కలిసి ఆయన ఒక లెక్క బయటపెట్టారు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉండి మార్పిడి జరిగిన 30 మందిలో 24 కిడ్నీలు వెంటనే పనిచేయడం మానేశాయి. నెగెటివ్ ఉన్న 195 మందిలో అలా అయినవి 8. ఆ రోజునుంచి ఈ పరీక్ష చూడకుండా కిడ్నీ పెట్టడం ఆగింది.

నాకు నచ్చకపోయినా ఆ 'పాజిటివ్' అన్న ఒక్క లైను అమ్మ ప్రాణం కాపాడింది. అది చూడకుండా నా కిడ్నీ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆ 24 చెబుతున్నాయి.

మేం చేసిన తప్పు

డయాలసిస్ మొదటి ఏడాది అమ్మకి హిమోగ్లోబిన్ ఆరుకి పడిపోయింది. కిడ్నీలు పాడైతే రక్తం తయారవడానికి కావాల్సిన ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. దానికి ఇంజెక్షన్లున్నాయి, ఐరన్ ఉంది. కానీ అప్పుడు చూపించిన ఆసుపత్రిలో "రక్తం ఎక్కిస్తే త్వరగా తేరుకుంటారు" అన్నారు. మేమూ సరే అన్నాం. ఎనిమిది నెలల్లో నాలుగు యూనిట్లు. ఒకదానికి మా ఫ్రెండ్సే వచ్చి ఇచ్చారు. గర్వంగా ఫొటో కూడా పెట్టుకున్నా.

ఎక్కించే ప్రతి సంచిలో ఎవరివో పరాయి ప్లేట్లుంటాయి. కాన్పులైన ఆడవాళ్ల ఒంట్లో జ్ఞాపక కణాలు ముందే ఉంటాయి కాబట్టి, వాటికి ఇది నిద్రలేపినట్టే. ముందుముందు మార్పిడి ఆలోచన ఉన్నవాళ్లకి తప్పనిసరైతే తప్ప రక్తం ఎక్కించకూడదని అప్పుడు ఎవరూ మాకు చెప్పలేదు. ప్రాణం మీదికొస్తే రక్తం ఎక్కించాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ ఆ నాలుగింటిలో ఎన్ని తప్పనిసరో ఇప్పటికీ నాకు తెలియదు. మేం అడగలేదు. అదే బాధ.

దారులు వెతికాం

మేడం ఇంకో పరీక్ష రాశారు. ఈ రోజుల్లో క్రాస్‌మ్యాచ్‌తోపాటు ఇదీ చేస్తున్నారు. సన్నని పూసల్లాంటి వాటి ఒక్కోదాని మీద ఒక్కో రకం హెచ్‌ఎల్‌ఏ ప్రొటీన్ అతికిస్తారు. వాటిని రోగి సీరంలో కలిపి, లేజర్‌తో చూస్తారు. ఏ పూసకి యాంటీబాడీ అతుక్కుందో, ఎంత అతుక్కుందో అంకెల్లో తెలుస్తుంది. అంటే రోగి రక్తంలో ఉన్న 'వద్దు' జాబితా మొత్తం చేతికొస్తుంది. దాత ప్లేట్ల జాబితా పక్కన పెట్టి పోల్చుకుంటే చాలు, సగం సమాధానం కంప్యూటర్‌లోనే దొరుకుతుంది.

అమ్మ జాబితాలో నాన్న రెండు సెట్ల ప్లేట్లూ ఉన్నాయి. అంటే నాన్న కుదరరు. ఆయనకి షుగర్ కూడా ఉందనుకోండి. అక్కకి నాన్న ఏ సెట్టు ఇచ్చినా జాబితాలో ఉంది, కాబట్టి అక్కా కుదరదు. కట్టుకున్నవాడు, కన్నపిల్లలు. ముందుకొచ్చిన ముగ్గురం ఒకే కారణంతో ఆగిపోయాం.

మిగిలిన దారులేంటని అడిగా. ఒకటి, డీసెన్సిటైజేషన్. ప్లాస్మా మార్పిడితో యాంటీబాడీలని వడకట్టి తీసేసి, ఐవీఐజీ, రిటుక్సిమాబ్ లాంటి మందులతో మళ్లీ రాకుండా అణచి, ఆ సందులో కిడ్నీ పెట్టడం. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ డాక్టర్లు ఇలా చేసిన 211 మంది లెక్క 2011లో ప్రచురించారు. ఎనిమిదేళ్ల తర్వాత వాళ్లలో 80.6 శాతం మంది బతికున్నారు. డయాలసిస్ మీదే ఉండిపోయిన అలాంటి రోగుల్లో 30.5 శాతమే. బ్రిటన్‌లో 2017లో ఇలాగే పోల్చి చూస్తే మాత్రం బతికే కాలంలో పెద్ద తేడా కనిపించలేదు. పైగా లక్షల ఖర్చు, ఇన్ఫెక్షన్ల భయం. అమ్మ అంకెలు చాలా ఎక్కువగా ఉన్నాయి, అది ఆఖరి దారిగా పెట్టుకుందామన్నారు మేడం.

రెండు, స్వాప్. మనలాగే ఇరుక్కుపోయిన ఇంకో కుటుంబంతో దాతలని మార్చుకోవడం. మా దాత మీ రోగికి, మీ దాత మా రోగికి. 2011లో కేంద్రం అవయవ మార్పిడి చట్టాన్ని సవరించి దీనికి దారిచ్చింది. ఎవరికి ఎవరిని కలపాలన్నది మనం డేటా స్ట్రక్చర్స్‌లో చదివిన గ్రాఫ్ లెక్కే! ఆల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త, మరో ఇద్దరితో కలిసి కిడ్నీల మార్పిడికి ఈ పద్ధతి రాశారు. జతలు కుదిర్చే శాస్త్రంలో చేసిన కృషికి ఆయనకి 2012లో నోబెల్ వచ్చింది. మూడు, బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల నుంచి వచ్చే కిడ్నీ కోసం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని ఎదురుచూడడం. 'వద్దు' జాబితా పెద్దదైనవాళ్లకి ఆ ఎదురుచూపు ఇంకా ఎక్కువ. రెండిటికీ పేర్లిచ్చాం.

వచ్చేస్తుంటే మేడం అడిగారు. "అమ్మగారికి తోడబుట్టినవాళ్లు ఎవరూ లేరా?"

నేను నేల చూశా. అమ్మ గోడ చూసింది.

మామయ్య గుమ్మంలో

ఉన్నాడు. ఒక్కడే తమ్ముడు. రేపల్లె దగ్గర అమ్మమ్మగారి ఊళ్లోనే వ్యవసాయం. తాతయ్య పోయాక ఇంటి పక్క స్థలం పంపకంలో మాటామాటా అనుకుని ఆరేళ్లయింది. మా అక్క పెళ్లికి కూడా రాలేదు.

"కిడ్నీ కోసం మాట కలిపితే అది మాటేనా? వద్దు" అంది అమ్మ. నేను చెప్పకుండానే వెళ్లా. తెనాలిలో దిగి రేపల్లె రైలెక్కా.

మామయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "ఏరా, ఇటొచ్చావ్? అక్కకి ఏమన్నా..." అని ఆగిపోయాడు. అమ్మ సంగతి ఆయనకి తెలుసు. ఊళ్లోవాళ్లని అడిగి అన్నీ తెలుసుకుంటున్నాడు.

అడగడానికి గంట పట్టింది. మొత్తం చెప్పా. నా రిపోర్టు, నాన్న సంగతి, పోయిన బిడ్డ సంగతి. ఆ చివరిది మామయ్యకి గుర్తుంది. "అప్పుడు అక్కని బండి మీద రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లింది నేనే" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.

మాట్లాడింది అత్తయ్య. "ఈయనకి ఏమన్నా అయితే మా సంగతేంటి నాయనా? పొలం పని చేసుకునే మనిషి." న్యాయమైన ప్రశ్న. నాకు తెలిసింది దాచకుండా చెప్పా. అన్ని పరీక్షల్లో ఆరోగ్యంగా తేలినవాళ్లనే దాతగా తీసుకుంటారు, ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చు, కానీ రిస్కు సున్నా కాదు. పెద్ద ఆపరేషనే. కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు. జీవితాంతం ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోవాలి. "మీరు వద్దంటే నేను ఇంకోసారి అడగను అత్తయ్యా" అని కూడా చెప్పా.

పది రోజులు ఫోన్ రాలేదు. పదకొండో రోజు అత్తయ్యే చేసింది. "ఆ పరీక్షలేవో చేయించండి. నేనూ వెంట వస్తా."

ఏదీ కలవలేదు, అయినా కుదిరింది

తోడబుట్టినవాళ్ల మధ్య ప్లేట్ల లెక్క చిన్నప్పటి ప్రాబబిలిటీ లెక్కే. రెండు సెట్లూ కలిసే అవకాశం నాలుగో వంతు. ఒకటి కలిసేది సగం. అసలేమీ కలవనిది నాలుగో వంతు.

మామయ్య రిపోర్టు వచ్చింది. తాతయ్య నుంచి, అమ్మమ్మ నుంచి అమ్మకి ఏ సెట్లు వచ్చాయో అవి తప్ప మిగతావే మామయ్యకి వచ్చాయి. మ్యాచ్ సున్నా. నా గుండె జారిపోయింది. మేడం మాత్రం అమ్మ జాబితాని పక్కన పెట్టి చూస్తున్నారు. "ఈయన ప్లేట్లలో ఒక్కదానికీ మీ అమ్మగారిలో యాంటీబాడీ లేదు" అన్నారు. బ్లడ్ గ్రూపు బి. క్రాస్‌మ్యాచ్ నెగెటివ్. ఈసారి నెగెటివ్ అంటే ఏమిటో నాకు తెలుసు.

ఈ మొత్తం కథలో నేను నేర్చుకుంది ఇదే. ఎంత కలిసింది అన్నది రెండో ప్రశ్న. పుచ్చుకునేవాళ్ల రక్తంలో ఆ కిడ్నీ మీద ముందే యాంటీబాడీ ఉందా అన్నది మొదటి ప్రశ్న. సగం కలిసిన కొడుకు పనికిరాలేదు. ఏమీ కలవని తమ్ముడు పనికొచ్చాడు. ప్లేట్లు కలవకపోతే రోజూ వేసుకునే మందులు సర్దుబాటు చేయగలవు. ముందే పాతుకుపోయిన యాంటీబాడీలని అణచడం వాటికి చాలా కష్టం.

మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఒక మాట. భార్యాభర్తలు దగ్గరి బంధువులైతే భర్త ప్లేట్లు కొన్ని భార్య పుట్టింటివాళ్లకీ ఉండొచ్చు. అందుకే మేనమామ అనగానే కుదురుతుందని, భర్త అనగానే కుదరదని ముందే అనుకోకూడదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

అనుమతి కోసం కమిటీ ముందు కూర్చున్నాం. డబ్బు గానీ, ఆస్తి గానీ ఏమైనా ఇచ్చిపుచ్చుకున్నారా అని విడివిడిగా అడిగారు. అంతకుముందు అమ్మ ఆ స్థలం మొత్తం మామయ్య పేర రాసేస్తానంది. కోఆర్డినేటర్ కంగారుపడింది. "అమ్మా, ఆ మాటే ఎత్తకండి. అవయవానికి బదులు ఏదైనా ఇస్తే చట్టప్రకారం నేరం." అలా మా ఇంటి స్థలం తగాదా చట్టం సాక్షిగా అలాగే మిగిలింది.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు క్రాస్‌మ్యాచ్ మళ్లీ చేశారు. యాంటీబాడీలు మారుతుంటాయి కాబట్టి పాత రిపోర్టుని నమ్మరు. మళ్లీ నెగెటివ్. ఆపరేషన్ రోజు సాయంత్రానికి అమ్మ మంచం పక్కన సంచిలో మూత్రం నిండుతోంది. ఎన్నాళ్లకి! నాన్న దాన్ని చూసి ఏడ్చేశారు. వారం తిరిగేసరికి క్రియాటినిన్ 1.3.

మూడో రోజు మామయ్య నడుచుకుంటూ అమ్మ గది అద్దం దగ్గరికి వచ్చాడు. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "కిడ్నీ ఇచ్చానని స్థలం వదిలేశాననుకోకే అక్కా." అమ్మ కుట్లు పట్టుకుని నవ్వింది.

రాత్రి ఎనిమిదింటి అలారం

అంతా అయిపోయిందనుకున్నాం. కాదు. కొత్త యాంటీబాడీలు ఎప్పుడైనా తయారుకావచ్చు. మందులు కాస్త పలచబడితే చాలు, కాపలా కణాలు కొత్త కిడ్నీ ప్లేట్లని చదవడం మొదలుపెడతాయి. ఈ యుద్ధం నిమిషాల్లో జరిగేది కాదు. నెమ్మదిగా, నొప్పి లేకుండా నెలలు, ఏళ్లు సాగుతుంది. క్రియాటినిన్ కొంచెం కొంచెంగా పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మనిషికి తెలిసేసరికి కిడ్నీ చాలావరకు పోయి ఉంటుంది.

కెనడాలోని విన్నిపెగ్ డాక్టర్లు 315 మందిని ఏళ్ల తరబడి గమనించి 2012లో లెక్క చెప్పారు. మార్పిడి తర్వాత కొత్తగా యాంటీబాడీలు వచ్చినవాళ్లు 15 శాతం. వాళ్లలో పదేళ్ల తర్వాత కూడా కిడ్నీ పనిచేస్తున్నవాళ్లు 57 శాతం. యాంటీబాడీలు రానివాళ్లలో 96 శాతం. అవి రావడానికి ఒక ముఖ్య కారణం ఏంటో తెలుసా? మాత్రలు సరిగా వేసుకోకపోవడం.

ఇది మా ఇంట్లోనూ జరగబోయింది. టాక్రోలిమస్ వల్ల కొందరికి చేతులు వణుకుతాయి. అమ్మకి ముగ్గు సరిగా పడట్లేదు. ఎవరికీ చెప్పకుండా రెండు పూటల మాత్ర ఒక పూటకి తగ్గించుకుంది. పరీక్షలో రక్తంలో మందు స్థాయి పడిపోయినట్టు కనిపించింది. మేడం వెంటనే యాంటీబాడీ పరీక్ష రాశారు. ఆ నాలుగు రోజులు నేను పని చేసింది లేదు. ఏమీ లేదని వచ్చింది. మేడం అమ్మని కోప్పడలేదు. డోసు సర్దారు. "వణుకు వస్తే నాకు చెప్పండి, మాత్ర మాత్రం మీరు ముట్టుకోకండి" అన్నారు.

అందుకే ఇప్పుడు మా ఇంట్లో నలుగురి ఫోన్లలోనూ ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి అలారం. తెనాలిలో, హైదరాబాద్‌లో, విశాఖలో. నాలుగోది రేపల్లె దగ్గర మామయ్య ఫోన్‌లో.

మీ ఇంట్లో ఉంటే...

డయాలసిస్ మీద ఎవరైనా ఉంటే ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. రక్తం ఎక్కిస్తామంటే "మార్పిడి ఆలోచన ఉంది, ఇంజెక్షన్‌తో కుదురుతుందా?" అని డాక్టర్‌ని అడగండి. ఎక్కిస్తే ఎప్పుడు, ఎన్ని యూనిట్లు అన్నది రాసిపెట్టుకోండి.

దాత ఎవరో తేలేదాకా ఆగకుండా, రోగికి హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీ పరీక్ష ముందే చేయించొచ్చా అని అడగండి. కాన్పులు, పోయిన గర్భాలు, పాత రక్తమార్పిడులు, ఏదీ దాచొద్దు. ఇంట్లో పదిమంది ముందు చెప్పలేని మాట అయితే, డాక్టర్‌తో అమ్మని ఒంటరిగా మాట్లాడనివ్వండి.

క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చిందని అక్కడితో ఆగిపోవద్దు. వేరే బంధువులు, స్వాప్, జీవన్‌దాన్, డీసెన్సిటైజేషన్, దేనికి వీలుందో అడగండి. మార్పిడి అయ్యాక మాత్ర విషయంలో సొంత నిర్ణయాలు వద్దు. ఇంకోటి, నాలాగా రిపోర్టు చూసి గ్రూపులో పెట్టేముందు డాక్టర్‌కి ఒక్క ఫోన్ చేయండి!

మార్పిడి అయి ఇప్పుడు పద్నాలుగు నెలలు. మొన్న సంక్రాంతికి అమ్మ ఆరేళ్ల తర్వాత పుట్టింటికి వెళ్లింది. అరుగు మీద కూర్చుని ఇద్దరూ ఆ ఖాళీ స్థలం వైపే చూస్తూ మాట్లాడుకుంటున్నారు. అందులో పిచ్చి మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఎవరూ కొట్టించట్లేదు.

ఆ రోజు కారులో అమ్మ అడిగినదానికి నేను ఇన్నాళ్లూ జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పా. "నీ ఒళ్లు నన్ను శత్రువనుకోలేదమ్మా. 28 ఏళ్లయినా మర్చిపోలేదు, అంతే."

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ మధ్యలో పోయినదాన్ని కూడానా?" అంది.

"దాన్ని కూడా" అన్నా.

ఫోన్‌లో ఎనిమిదింటి అలారం మోగింది. మామయ్య లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాడు.